పంకాకి పేటెంటు, పాకీకి తట్ట

యంత్రం అనగానే మన పాఠ్యపుస్తకాలకి జేమ్స్ వాట్ గుర్తొస్తాడు, స్టీవెన్సన్ గుర్తొస్తాడు. ఆ యంత్రం రాకముందు ఆ పని ఎవరి చేతులు చేశాయి, వచ్చాక ఆ చేతులు ఏమయ్యాయి అన్న ప్రశ్న మాత్రం పాఠంలో ఉండదు. దళితుల వైపు నుంచి చరిత్ర రాయాలనుకునేవాళ్ళకి మొదటి ప్రశ్న అదే. ఈ వ్యాసంలో మేము పేటెంటు చట్టాల చరిత్రని ఆ ప్రశ్న పట్టుకుని చదవదలిచాం. రైలింజన్ల జోలికీ ఆవిరి మిల్లుల జోలికీ పోవడం లేదు. పంకా, నీళ్ళ మోట, మరుగుదొడ్డి, రాట్నం లాంటి రోజువారీ సామాన్ల సంగతే మాట్లాడతాం. ఎందుకంటే కులం ఎక్కువగా పనిచేసేది రోజువారీ సామాన్ల దగ్గరే.

మొదటి హక్కు ఎవరికి?

మన దేశంలో కొత్తగా కనిపెట్టిన వస్తువు మీద హక్కు ఇచ్చే మొదటి చట్టం 1856 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ చట్టం కింద మార్చి 3న మొదటి దరఖాస్తు పెట్టినవాడు కలకత్తాలోని సివిల్ ఇంజనీరు జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెనింగ్. సెప్టెంబరు 2న పటాలతో సహా వివరాలు దాఖలు చేశాడు. ఇంతకీ ఆయన కనిపెట్టింది ఏమిటి? సమర్థంగా పంకా లాగే యంత్రం!

ఈ సంగతిని మన పత్రికలు వింత విషయంగా రాసి ఊరుకుంటాయి. మాకు ఇందులో వింతేమీ కనబడదు. కరువులో దేశం అల్లాడుతోంది, సాగునీరు లేదు, ఊళ్ళల్లో మురుగు కదలదు. అయినా చట్టం కింద రిజిస్టరయిన మొదటి అవసరం దొర నిద్ర. అప్పట్లో కలకత్తాలోనైనా, మద్రాసులోనైనా, మన వాల్తేరు మెట్ట మీది బంగళాల్లోనైనా ఇంటి దూలానికి గుడ్డ పంకా వేలాడేది. దాని తాడు గోడ చిల్లులోంచి వరండాలోకి వచ్చేది. అక్కడ పంకా కూలీ కూర్చుని రాత్రంతా లాగాలి. భూమి లేని పేద కులాల మగవాళ్ళు, ఒక్కోసారి ఆడవాళ్ళూ పిల్లలూ ఈ పనిలో ఉండేవాళ్ళు. కునుకు పడితే తన్నులు. తన్నులకి పంకా కూలీలు చచ్చిపోయిన కేసులు కోర్టులకెక్కాయి. చచ్చినవాడికి ముందునుంచే పెరిగిన బల్ల ఉంది, అందుకే దెబ్బకి చచ్చాడు అని డాక్టర్లు చెప్పడం, దొరలు చిన్న జరిమానాతో బయటపడటం వలస న్యాయస్థానాల్లో మామూలైపోయింది.

ఈ యంత్రం వెనకున్న లెక్క గమనించాలి. కూలీ నిద్రపోతే ఇబ్బంది పడేది యజమాని. చెయ్యి ఆగిన క్షణంలోనే దొరకి చెమట పడుతుంది. యజమాని ఒంటికి తగిలిన కష్టం కాబట్టే అది ఇంజనీరు బల్లమీదికి చేరింది, కూలీ చేతినొప్పి మీద జాలితో కాదు. అంతా అయ్యాక కూడా పంకా యంత్రాలు కూలీని తీసెయ్యలేకపోయాయి. యంత్రం కొని, బాగుచేయించుకుని, నడుపుకోవడం కన్నా మనిషి చవక. కులం అంత చవగ్గా మనుషుల్ని సరఫరా చేస్తుంటే యంత్రం ఎవడు కొంటాడు? ఇరవయ్యో శతాబ్దంలో కరెంటు ఫ్యాను వచ్చేదాకా తాడు కూలీ చేతిలోనే ఉంది. ఫ్యాను వచ్చాక ఆ కూలీ ఏ రిజిస్టరులోనూ లేడు.

ఒకరి విద్య పేటెంటు ఆఫీసులో, ఒకరి విద్య కులాల గ్రంథంలో

1856 చట్టానికి బ్రిటిష్ రాణి ముందస్తు ఆమోదం లేదని మరుసటి ఏడే రద్దు చేశారు. 1859లో ఇంకోటి తెచ్చారు. 1888లో మార్చారు. చివరికి 1911లో ఇండియన్ పేటెంట్స్ అండ్ డిజైన్స్ చట్టం వచ్చి, కలకత్తాలో కంట్రోలర్ కింద పేటెంటు ఆఫీసు ఏర్పడింది. హక్కు గడువు 14 ఏళ్ళు, 1930 సవరణతో 16 ఏళ్ళు. వస్తువు కొత్తదై ఉండాలి, అంతకు ముందు జనం వాడకంలో ఉండకూడదు. దాని వివరం ఇంగ్లీషులో రాయాలి, పటం గీయాలి, ఫీజు కట్టాలి. 1911 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవను, రాయను వచ్చినవాళ్ళు నూటికి ఆరుగురు. బడి గడప తొక్కనివ్వని కులాల్లో ఎంతమందో వేరే చెప్పక్కర్లేదు గదా!

అయితే ఆ చేతులకి విద్య లేదా? తోలు పని చూద్దాం. పచ్చి తోలుని సున్నంలో వేసి వెంట్రుక తీయడం, తంగేడు చెక్కతో, కరక్కాయతో లందలో ఊనబెట్టడం, ఎన్ని రోజులకి తిరగెయ్యాలో వాసన చూసి చెప్పడం, దాన్నుంచి బావిలోకి దిగే మోటకి తొండం కుట్టడం మాదిగల విద్య. రసాయనం, యంత్రం రెండూ అందులోనే ఉన్నాయి. నీళ్ళు ఒలకకుండా పైకొచ్చి, గట్టు మీదికి చేరగానే తొండంలోంచి తమంతట తాము కాలవలో పడే ఏర్పాటు చిన్న ఆలోచన కాదు. రాయలసీమ మెట్ట పొలాలు తరాలపాటు ఆ తోలు మీద ఆధారపడ్డాయి.

1903లో మద్రాసు ప్రభుత్వం తరఫున ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ క్రోమ్ పద్ధతిలో తోలు ఊనబెట్టే ప్రయోగాలు మొదలెట్టాడు. మోటకి వాడే సంచులు ఎక్కువకాలం మన్నాలన్నది ఆ ప్రయోగాల ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి. క్రోమ్ పద్ధతికి న్యూయార్కులో అగస్టస్ షుల్జ్ 1884లో పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో దాని గడువు 17 ఏళ్ళే గాబట్టి 1901 నాటికే తీరిపోయింది. అంటే కాగితం మీద ఆ విద్య అందరిదీ అయిపోయింది. కానీ లంద దగ్గర నిలబడ్డ మాదిగకి అది అందిందా? రసాయనాలు కొనే డబ్బు లేదు, చదివే ఇంగ్లీషు లేదు, అప్పిచ్చే బ్యాంకు లేదు. 1910లో భారత వ్యవహారాల మంత్రి మోర్లే, ప్రభుత్వం పరిశ్రమలు నడపరాదని తేల్చాడు. మద్రాసు క్రోమ్ తోళ్ళ కర్మాగారం రీవా సంస్థానానికి అమ్ముడుపోయింది. పేటెంటు గోడ కూలిపోయినా కులం గోడా పెట్టుబడి గోడా కూలలేదు. పేటెంటు ఒక్కటే శత్రువు అనుకునే మిత్రులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇదే కాలంలో, 1909లో, ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. మాదిగల పనితనం అందులో కులాచారాల పక్కన చేరింది. దొర చేస్తే ప్రయోగం, మాదిగ చేస్తే ఆచారం. ఒకరి విద్యకి పేరూ తేదీ సంతకం ఉంటాయి. రెండో వాళ్ళ విద్యకి కులం పేరు తప్ప మనిషి పేరు ఉండదు. విశాఖ తీరంలో కెరటాల మీద సరుకు దింపిన మసూలా పడవా అంతే. మేకులు కొట్టకుండా పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టిన పడవ అది. కెరటం కొడితే వంగుతుంది గాని పగలదు. 1933లో రేవు తెరిచేదాకా ఇక్కడి ఎగుమతులూ దిగుమతులూ నడిచింది లోతు నీళ్ళలో ఆగిన ఓడలకీ గట్టుకీ మధ్య తిరిగే పడవల మీదే. దాన్ని కుట్టినవాళ్ళలో ఒక్కరి పేరూ ఇంజనీర్ల జాబితాలో చేరలేదు.

1911: రెండు చట్టాలు, రెండు హక్కులు

1911లోనే పంజాబులో ఒక మునిసిపల్ చట్టం వచ్చింది. ఇళ్ళ మరుగుదొడ్లు ఎత్తే పాకీ మనిషికి ఆ ఇంటి మీద ఆచారసిద్ధమైన 'హక్కు' ఉందని అందులో రాశారు. పని సరిగ్గా చెయ్యకపోతే జరిమానా వెయ్యొచ్చు, ఆ హక్కు ఊడబెరకొచ్చు. నోటీసివ్వకుండా పని మానెయ్యడం కూడా నేరమే. 1916 నాటి ఉత్తరప్రదేశ్ (అప్పటి సంయుక్త రాష్ట్రాల) మునిసిపల్ చట్టంలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. డాక్టర్ అంబేద్కర్ ఈ చట్టాల్ని ఎత్తిచూపారు.

రెండు చట్టాల్నీ పక్కపక్కన పెట్టి చదవండి. రెండూ హక్కు అన్న మాటే వాడాయి. పేటెంటు హక్కు 14 ఏళ్ళు, లాభం కోసం, ఇష్టమైతే అమ్ముకోవచ్చు. పాకీ హక్కు పుట్టుకతో వచ్చి తరాలు పోతుంది. అది పని వదిలిపోకుండా కట్టే తాడు. వలస ప్రభుత్వం, అగ్రకుల సమాజం కలిసి దళితుడికి గుత్తగా ఇచ్చినది ఆ ఒక్క పనే. అందులో పోటీకి ఎవరూ రారు!

మరుగుదొడ్డికి యంత్రం అప్పటికి కనిపెట్టలేదా అంటే, ఎప్పుడో కనిపెట్టారు. లండనులో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్, నీళ్ళతో కడిగి, వంపు గొట్టంలో నీరు నిలిపి వాసనని అడ్డే దొడ్డికి 1775లో పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధించే చట్టం 1993లో వచ్చింది. మధ్యలో 218 ఏళ్ళు! దాన్ని కోరిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అది అమల్లోకి వచ్చింది 1997 జనవరి 26న. ఇన్నేళ్ళూ లోపించింది విద్య కాదు. పంకా కూలీ ఆగితే దొరకి చెమట పట్టేది. పాకీ మనిషి నెత్తిన తట్ట కారితే తడిసేది ఆ మనిషి ఒళ్ళే. యజమాని ముక్కుకి తగలని కంపుకి యంత్రం పుట్టలేదు. విశాఖలో ఈ పని రెల్లి కులస్తుల మీద పడింది. వాళ్ళు దాన్ని ఎంచుకున్నారని ఎవరైనా అంటే, ఇంకో పని ఎవరిచ్చారని అడగాలి.

లక్ష రూపాయల రాట్నం

జాతీయోద్యమం రోజువారీ యంత్రాన్ని పట్టించుకోలేదని అనలేం. 1929లో గాంధీ నాయకత్వాన అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. పేటెంటు తీసుకున్నా, బహుమతి కావాలంటే ఆ హక్కు సంఘానికి రాసివ్వాలన్నది షరతు. పేటెంటుని సొంత ఆస్తిగా గాక ఉమ్మడి ఆస్తిగా చూసిన మంచి ఆలోచన అది. లక్ష అంటే ఆనాడు మామూలు డబ్బు కాదు. జాతికి ఏ పని ముఖ్యమో ఆ లక్ష చెప్తుంది. చీపురుకీ తట్టకీ ఆ వంతు రాలేదు. వాటికి దక్కింది సేవ అన్న పొగడ్త.

అంబేద్కర్ 1945లో రాసిన పుస్తకంలో దీనికి సూటిగా జవాబిచ్చారు. యంత్రం తప్పు చేయలేదు, దాని యాజమాన్యం తప్పుడు చేతుల్లో ఉంది అన్నది ఆయన వాదన సారాంశం. తీరిక లేనిదే మనిషికి సంస్కృతి లేదు, ఒళ్ళు వంచే చాకిరీని తగ్గించేది యంత్రమే, దాన్ని కాదనడమంటే పేదని పశువు బతుకులోనే ఉంచడం అన్నారు. గడ్డపార మోసినవాడికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

'దళితులు ఏం కనిపెట్టారు?' అనేవాళ్ళకి

ఈ ప్రశ్న కాలేజీల్లో మన పిల్లల్ని ఇప్పటికీ అడుగుతుంటారు. లంద, మోట అని ఒక జవాబు చెప్పాం. రెండోది కూడా ఉంది. కోయంబత్తూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు పెద్దగా చదువుకోలేదు. అయినా 1920లో ఒక బస్సుతో మొదలై, 1930ల్లో గడ్డం గీసే ఎలక్ట్రిక్ రేజరు దాకా పోయాడు. ఆయన తెలివిని మేము తక్కువ చేయడం లేదు. కానీ ఆయన వెనక రైతు కుటుంబం ఉంది, బస్సు కొనడానికి అప్పిచ్చిన ఆంగ్లేయుడున్నాడు. వాడకి అప్పెవడిచ్చాడు? మన కాలంలో ఆలేరు దగ్గరి చేనేత కార్మికుడు చింతకింది మల్లేశం, ఆసు పోసి పోసి తల్లి భుజం పడిపోతుంటే చూడలేక, 1999 నాటికి ఆసు యంత్రం చేశాడు. బడి మధ్యలో మానేసినవాడు. తర్వాత పేటెంటూ వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. నొప్పి ఎరిగిన చేతికి కాస్త సందు దొరికితే యంత్రం పుడుతుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

రేవు, ఉక్కు, రేపు

1959లో అయ్యంగార్ నివేదిక, దేశంలో పేటెంట్లు నూటికి 80 నుంచి 90 దాకా విదేశీయుల చేతుల్లో ఉన్నాయనీ, వాటిలో అధికభాగం ఇక్కడ వాడకంలోనే లేవనీ తేల్చింది. దాని ఫలితంగానే 1970 చట్టం వచ్చింది. స్వదేశీ, విదేశీ అన్న తగాదా అక్కడ బాగానే నడిచింది. స్వదేశంలో ఎవరి చేతుల్లో అన్న తగాదా మాత్రం మొదలే కాలేదు.

విశాఖలో ఆ తగాదా కళ్ళముందే ఉంది. రేవులో ఖనిజం ఎత్తడానికి 1960ల్లో యంత్రాలొచ్చాయి. తట్ట బరువు తగ్గింది, మంచిదే. తట్టతో పాటు కూలీ కూడా తగ్గింది. ఉక్కు కర్మాగారం కోసం 64 గ్రామాలు ఖాళీ అయ్యాయి. అయినా అది ప్రభుత్వ రంగంలో ఉంది గాబట్టి రిజర్వేషన్ ద్వారా మన పిల్లలు కొలిమి దగ్గరే కాదు, కంట్రోల్ రూముల్లోనూ నిలబడగలిగారు. 2021 జనవరి 27న కేంద్రం దాన్ని నూటికి నూరు శాతం అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు మనం అడగాల్సింది ధర గురించి మాత్రమే కాదు. యంత్రం మీద దళితుడి చెయ్యి ఉంటుందా ఉండదా అని అడగాలి.

మురుగు గుంతల్లో మనుషుల్ని దింపడాన్ని 2013 చట్టం కూడా నిషేధించింది. 1993 నుంచి చచ్చిపోయినవాళ్ళ కుటుంబాలకి పది లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో ముప్ఫై లక్షలు చేసింది. 2018 నుంచి మ్యాన్‌హోలు శుభ్రం చేసే రోబోలు కూడా తయారవుతున్నాయి. యంత్రం రావాల్సిందే. ఆ యంత్రం కాంట్రాక్టరు పేరున వచ్చి, రెల్లి కుర్రాడు బయట నిలబడితే అది పంకా కూలీ కథే మళ్ళీ. దాని యాజమాన్యం, దాన్ని నడిపే శిక్షణ, దాన్ని మార్చి మెరుగుపరిచే హక్కు ఇన్నాళ్ళూ గుంతలోకి దిగినవాళ్ళవి కావాలి.

విద్యార్థి మిత్రులకి ఒక పని చెప్పి ముగిస్తాం. మీ వాడల్లో మిగిలున్న పెద్దల దగ్గర కూర్చుని లంద, మోట, ఏతం, చీపురు, తట్టల కొలతలు రాసుకోండి, పటాలు గీయండి, భాగాల పేర్లు వాళ్ళ నోట ఎట్లా వస్తే అట్లాగే పట్టుకోండి. చేసిన మనిషి పేరు, ఊరు పేరు తప్పకుండా రాయండి, ఒట్టి కులం పేరుతో వదలొద్దు. పేటెంటు ఆఫీసు నూరేళ్ళు రాయని రిజిస్టరు అది. దాన్ని మనమే రాయాలి.