పాలమూరు పెరట్లో కోళ్ల వైద్యం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఇంటి కోళ్లకు రోగమొస్తే చూసుకునే పని తరతరాలుగా ఆడవాళ్లదే. 2016 అక్టోబరు 11న విడి జిల్లాలయ్యేదాకా ఈ ప్రాంతమంతా మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలోనే ఉండేది. నిజాం కాలంలో ఇందులో చాలా భాగాన్ని గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు ఏలాయి. వానకు నమ్మకం లేని ఈ నేలలో ఎడ్లు, బర్రెలు ఇంటి యజమాని ఆస్తి. కోడి, దాని గుడ్లు, అమ్మితే వచ్చే నాలుగు పైసలు మాత్రం ఇంటావిడ చేతిలో ఉండేవి. అందుకే కోళ్ల వైద్యం కాగితానికి ఎక్కలేదు. అత్త చేస్తుంటే చూసి కోడలు నేర్చుకుంది.

రాజాస్థానాలు కోళ్లను పట్టించుకోలేదని కాదు. పాలమూరు కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉన్న కాలంలోనే, 12వ శతాబ్దంలో, మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసం రాశాడు. రాజుల వినోదాల్లో కోడిపందేలకూ అందులో చోటుంది. కృష్ణకు ఆవల పల్నాటి యుద్ధ కథలో కోడిపోరుదే కీలక ఘట్టం. తెలుగునాట ప్రచారంలో ఉన్న కుక్కుట శాస్త్రం పుంజు రంగునూ నక్షత్రాన్నీ చూసి గెలుపు చెబుతుంది. ఈ చూపంతా పందెం పుంజు మీదే. గంప కింద గుడ్లు పొదిగే పెట్టకు ఒళ్లు బాగోకపోతే ఏం చేయాలో తెలిసింది దాన్ని సాకిన మనిషికే.

ఆమె వైద్యం పొదుగుతోనే మొదలయ్యేది. గంపలో వరిగడ్డో ఊకో పరిచి, గుడ్ల పక్కన ఇనుప ముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ పెట్టేవారు. ఉరుములకు గుడ్లు మురగకుండా ఇనుము కాపాడుతుందని నమ్మకం. దానికి ఆధారం లేకపోయినా, పొదుగు కోడిని చీకటి మూలన, తడి తగలకుండా, రోజుకోసారి మాత్రమే మేతకు లేపుతూ ఉంచిన పద్ధతి మాత్రం సరైనదే. పేన్లు పడితే బూడిదలో పొర్లనిచ్చేవారు, గూట్లో వావిలాకు పరిచేవారు. గుట్టల నిండా సీతాఫలం చెట్లున్న ప్రాంతం కాబట్టి ఆ ఆకూ, నూరిన గింజలూ వాడేవారు. గింజల పొడి పేన్లను నిజంగానే చంపుతుంది. అయితే కంట్లో పడితే కోడికీ మనిషికీ ప్రమాదమే, కాబట్టి తల దగ్గర దాన్ని రాయకూడదు. కాలు విరిగితే చీపురు పుల్లలతో కట్టు కట్టి, పసుపు, ఆముదం పూసేవారు. జబ్బు కోడిని వేరే గంప కింద మూసి, జొన్న గటకో నూకల జావో పోసేవారు. మందులన్నిటికంటే విలువైనది ఇలా వేరుచేయడమే. నేటి పశువైద్యులు మొదట చెప్పేదీ అదే.

ముక్కు మీద, జుట్టు మీద, కళ్ల చుట్టూ బొబ్బలు లేస్తే అమ్మవారు పోసిందనేవారు. పోచమ్మకు మొక్కి, వేపనూనెలో పసుపు కలిపి పూసేవారు. ఇది కోళ్ల మశూచి. దోమలు దీన్ని ఒక కోడి నుంచి మరో కోడికి మోస్తాయి. పైపూత వైరస్‌ను చంపదు గాని పుండు కుళ్లకుండా చూస్తుంది, కన్ను మూసుకుపోకపోతే కోడి తిండి తిని బతుకుతుంది. ఇంటి వైద్యం చాలావరకు గెలిచిన రోగమిది.

గెలవలేకపోయింది కొక్కెర తెగులును. చలికాలం పోయి ఎండలు ముదిరేలోపు ఇది ఊరిమీద పడుతుంది. కోడి తూగుతుంది, నోరు తెరిచి గురక పెడుతుంది, ఆకుపచ్చగా పారుతుంది, మెడ వంకర తిరుగుతుంది, రెక్కలు, కాళ్లు పడిపోతాయి. నాలుగైదు రోజుల్లో వాడకట్టంతా ఖాళీ. కోళ్లకు గత్తర తగిలిందని ఊరు కుదేలయ్యేది. వెల్లుల్లి, మిరియాలు, ఉల్లి నూరి మింగించినా ఫలితం ఉండేది కాదు, ఎందుకంటే ఈ రోగం తగిలాక ఏ మందూ లేదు. చచ్చేలోపు కోసుకు తినడం, సంతకు తోలడం మాత్రమే మిగిలిన దారి. ఆ సంతే రోగాన్ని పక్క ఊరికి మోసేది. గద్వాల జమ్ములమ్మ జాతర మాఘమాసంలో వస్తుంది. మొక్కుల కోళ్లు ఊరూరి నుంచి కదిలే కాలమూ, తెగులు కాలమూ దాదాపు ఒకటే.

ఈ నష్టానికి పల్లె కనిపెట్టిన విరుగుడు మందు కాదు, ఒక ఆచారం. పెట్టను వేరొకరికి పాలుకు ఇవ్వడం. సాకినవారికీ ఇచ్చినవారికీ పిల్లల్లో సగం సగం. బంధువుల ఊళ్లో ఇలా ఒక పెట్ట ఉంటే, సొంత ఊళ్లో గత్తర పడ్డా విత్తనం మిగిలేది. వలసపోయే పాలమూరు కుటుంబాలకూ ఇది ఆసరా అయింది.

ప్రయోగశాలల్లో కథ వేరుగా నడిచింది. ఒక సూక్ష్మజీవిని ప్రయోగశాలలో బలహీనపరచి తయారుచేసిన తొలి టీకా కోళ్ల కోసమే పుట్టింది. 1879–80లో పాశ్చర్ కోళ్ల కలరా మీద ఆ పని చేశాడు. కొక్కెర తెగులును 1926లో జావాలోనూ ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ గుర్తించారు. కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో బయటపడటంతో మన దేశంలో ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. ముక్తేశ్వర్ పరిశోధన సంస్థలో తయారైన టీకా గురించి హాడో, ఇద్నానీ 1946లో ప్రకటించారు. హైదరాబాద్‌లో పశువైద్య కళాశాల వెలిసిందీ అదే ఏడు.

అయినా పాలమూరు పెరటికి టీకా ఆలస్యంగా, అరకొరగా చేరింది. పశువుల దవాఖానలకు మొదటి బాధ్యత ఎడ్లు, బర్రెలు. పశువులను ఊడ్చేసే దొడ్డరోగంతోనే వాటికి దశాబ్దాలు సరిపోయింది. ఆ రోగం ప్రపంచం నుంచి పోయిందని 2011లో గాని ప్రకటించలేదు. రెండో అడ్డంకి సీసా. ఒక్కో సీసాలో వంద, అంతకు మించిన డోసులుంటాయి. మంచులో తేవాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఇల్లు ఒంటరిగా ఈ పని చేయించుకోలేదు. తెల్లవారుజామున కోళ్లను గూళ్ల నుంచి వదలకముందే ఊరంతా ఒకేసారి వేయించాలి. ఎండను కొంత తట్టుకునే టీకాలు, వీ4, ఐ2 వంటివి, ఆస్ట్రేలియాలో ఇలాంటి పల్లెల కోసమే రూపొందాయి. విజ్ఞానం కొరత కాదు, దాన్ని గూటిదాకా మోసే ఏర్పాటు కొరతే పెరటి కోళ్లను చంపింది.

1988లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మొదలైన కోళ్ల పరిశోధన సంస్థ పెరటికని వనరాజా, గ్రామప్రియ రకాలు ఇచ్చింది. షెడ్ల కోళ్లు పెరిగాక మందుల దుకాణాలూ పెరిగాయి, మనుషుల మాత్రలు కోళ్లకు వేసే తప్పుడు అలవాటూ పెరిగింది. 2017లో తెలంగాణలో 1962 నంబరుతో సంచార పశువైద్యశాలలు వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో వనపర్తి జిల్లా మదనాపురం మండలం కొన్నూరు ఫారాల్లో దాదాపు 2,500 కోళ్లు మూడు రోజుల్లో చనిపోయాక నమూనాలను పరీక్షకు పంపారు. బర్డ్ ఫ్లూ భయమున్న కాలంలో కోళ్లు ఉన్నట్టుండి చస్తే కోసుకోకుండా, వాగులో పడేయకుండా, సున్నం చల్లి లోతుగా పూడ్చి, దవాఖానకు చెప్పాలి.

పావురాలకూ మెడ తిప్పే రోగం కొక్కెర తెగులు వైరస్ కుటుంబం నుంచే వస్తుంది, కాబట్టి వాటిని కోళ్లతో కలిపి ఉంచకూడదు.

ఈ తెగులు రాకుండా కోడి పిల్లలకు మొదటి వారంలో కంట్లో, ముక్కులో చుక్కల టీకా, ఎనిమిదో వారంలో రెక్క కింద సూది వేయించాలి. పెద్ద కోళ్లకు సంక్రాంతిలోపే ఊరంతా కలిసి సూది వేయించుకుంటే, మాఘంలో గంపలు ఖాళీ కావు.