మన వాటా పద్దు: గిరిజన ఉప ప్రణాళిక నుంచి ప్రత్యేక అభివృద్ధి నిధి దాకా



మన గిరిజన హాస్టళ్లలో 8 నుంచి 10వ తరగతి చదివే ఒక్కో విద్యార్థికి నెలకు 1,540 రూపాయల డైట్ చార్జీ ఉంది. 2024లో పెంచక ముందు అది 1,100. "సర్కారు ఇస్తున్నది" అని మన పిల్లలు అంటుంటారు. ఇచ్చేది సర్కారే. కానీ గిరిజనుల పేరున బడ్జెట్‌లో ఒక వాటా వేరుగా రాయించడానికి ఏండ్లు పట్టింది. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల తండాల నుంచి డిగ్రీలకు, ఉద్యోగ పరీక్షలకు పోతున్న మీరు ఈ చరిత్ర తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

మొదలు ఎక్కడ?

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైన తర్వాత నిజాం సర్కారు గిరిజనుల స్థితిగతులు చూడడానికి హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. అడవి బిడ్డల చదువుకు సర్కారు ప్రత్యేకంగా డబ్బు పెట్టడం మన ప్రాంతంలో అప్పటి నుంచే కనబడుతుంది. అయితే అది ప్రభువు దయ. దయకు లెక్క అడగలేం.

రాజ్యాంగం వచ్చాక 46వ అధికరణం గిరిజనుల విద్య, ఆర్థిక ప్రయోజనాలను రాజ్యం శ్రద్ధగా చూడాలని చెప్పింది. 275(1) అధికరణం గిరిజన సంక్షేమానికి కేంద్రం నుంచి రాష్ట్రాలకు గ్రాంట్లు ఇచ్చే దారి వేసింది. అయినా తొలి ప్రణాళికల్లో రోడ్లు, బడులు, సాగునీరు ఎక్కువగా మైదాన ఊర్లకే చేరాయి. 1967 తర్వాత శ్రీకాకుళం ఏజెన్సీలో లేచిన పోరాటం దేశాన్ని కదిలించింది. ఐదో పంచవర్ష ప్రణాళికలో, 1974-75 నుంచి, గిరిజన ఉప ప్రణాళిక వచ్చింది. జనాభాలో గిరిజనులు ఎంత శాతమో, ప్రణాళిక నిధుల్లో అంత శాతం వాళ్ల కోసం తీసి పెట్టాలన్నది దాని మూలసూత్రం. ఐటీడీఏలు ఆ కాలంలో పుట్టినవే.

మన సంగతి కొంచెం వేరు. ఆంధ్ర ప్రాంతంలో లంబాడాలు ముందు నుంచే ఎస్టీలు. తెలంగాణలో మాత్రం 1976 నాటి సవరణ చట్టం తర్వాతే ఆ జాబితాలో చేరారు. పైగా రంగారెడ్డి జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం వాళ్లకున్నట్టు మనకు ఐటీడీఏ లేదు. అందుకే మైదాన ప్రాంత గిరిజనులకు బడ్జెట్‌లోని వాటా ఇంకా ముఖ్యం.

రాసిన డబ్బు ఎటు పోతుంది?

ఈ వాటా ఖర్చును వేరుగా చూపడానికి ప్రభుత్వ ఖాతాల్లో 796 అనే పద్దు ఉంది. ఎస్సీల వాటాకు 789. రోడ్ల శాఖ అయినా, వ్యవసాయ శాఖ అయినా గిరిజనుల కోసం ఖర్చు పెడితే ఆ సంఖ్య కింద రాయాలి. ఇంత ఏర్పాటు ఉన్నా డబ్బు పక్కదారి పట్టేది మూడు రకాలుగా.

మొదటిది, పద్దు మార్పు. శాసనసభ ఆమోదించిన ఒక గ్రాంటు నుంచి ఇంకో గ్రాంటుకు డబ్బు మార్చాలంటే మళ్లీ సభకే పోవాలి. కానీ అదే గ్రాంటు లోపల ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు ఆర్థిక శాఖ అనుమతితో మార్చవచ్చు. బయట ఎవరికీ తెలియకుండానే ఆ పని జరిగిపోతుంది.

రెండోది, మురిగిపోవడం. కేటాయింపు ఉన్నా ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి, బిల్లు ట్రెజరీలో పాసవ్వాలి. మార్చి 31 దాటితే మిగిలినది రద్దు. హాస్టల్ నడిపేవాళ్లందరికీ ఆ నెల సంగతి తెలుసు. కాగితం మీద డబ్బు ఉంటుంది, బియ్యం కొట్టతనికి మాత్రం బాకీ ఉంటుంది.

మూడోది, లెక్కలో కలపడం. ఒక పెద్ద రోడ్డో, వంతెనో కడతారు. అందరూ వాడుకుంటారు కాబట్టి గిరిజనులూ వాడుకున్నట్టే అని ఖర్చులో కొంత శాతం 796 కింద చూపుతారు. ఉదాహరణకు మన బొంగ్లూరు దగ్గరి ఔటర్ రింగ్ రోడ్డు లాంటి దాన్ని ఊహించుకోండి. దాని మీద తండా మనిషి పోయింది ఎన్నిసార్లని ఎవరు లెక్క పెడతారు?

ఇది మన రాష్ట్రానికే పరిమితం కాదు. 2010లో ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల పనులకు ఎస్సీ ఉప ప్రణాళిక నిధులు మళ్లాయని అప్పటి హోంమంత్రి చిదంబరం రాజ్యసభలో ఒప్పుకున్నారు. మహారాష్ట్ర మాత్రం 1990లలో సుక్తాంకర్ కమిటీ సూచనతో ఇంకో దారి పట్టింది. గిరిజనుల వాటాను ముందే తీసి గిరిజన శాఖ చేతిలో పెట్టి, ఏ పనికి ఎంత అన్నది ఆ శాఖనే నిర్ణయించమంది.

చట్టం వచ్చింది

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత, గిరిజన సంఘాలు ఏండ్ల తరబడి పోరాడాయి. 2012 డిసెంబరులో శాసనసభ ప్రత్యేక సమావేశంలో బిల్లు ఆమోదం పొందింది. 2013 జనవరి 24 నుంచి ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం అమలులోకి వచ్చింది. జనాభా ప్రకారం ఎస్సీలకు 16.2 శాతం, ఎస్టీలకు 6.6 శాతం. అప్పటిదాకా మార్గదర్శక సూత్రంగా ఉన్నది చట్టబద్ధమైన హక్కు అయింది. కానీ విడదీయలేని పెద్ద పనుల్లో కొంత భాగాన్ని ఎస్సీ, ఎస్టీల కింద లెక్కించే వీలు ఆ చట్టంలోనూ మిగిలింది.

తెలంగాణ వచ్చాక ఎస్టీల జనాభా 9 శాతం దాటింది. ఈలోగా ప్రణాళికా సంఘం రద్దయింది. 2017-18 నుంచి ప్రణాళిక, ప్రణాళికేతర అన్న తేడా పోయింది. ప్రణాళికే లేకపోతే ఉప ప్రణాళిక ఎక్కడిది? అందుకే 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చారు. రాష్ట్ర బడ్జెట్ నిర్వహణ పద్దు, ప్రగతి పద్దు అని రెండుగా మారి, మన వాటా ప్రగతి పద్దుకు ముడిపడింది. ఈ చట్టంలో మంచి మాట ఒకటుంది: ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏడాది అదే నిష్పత్తిలో భర్తీ చేయాలి. మార్చి 31 భయానికి చట్టం చెప్పిన మందు ఇది. మందు రాసిచ్చినంత మాత్రాన రోగం తగ్గదు. వేస్తున్నారా లేదా అని అడిగేవాళ్లు ఉండాలి.

మీరు చేయగలిగింది

బడ్జెట్ రోజు టీవీలో "గిరిజన సంక్షేమానికి ఇన్ని వేల కోట్లు" అని వినగానే సంబరపడకండి, తిట్టుకోకండి. అది అంచనా మాత్రమే. అదే పద్దుకు సవరించిన అంచనా ఎంత, రెండేండ్ల కిందటి అసలు ఖర్చు ఎంత అని చూడండి. మూడూ బడ్జెట్ పుస్తకాల్లోనే ఉంటాయి. ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఫోన్‌లోనే తెరవవచ్చు. అర్థం కాని చోట సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి. గ్రామసభలో "మన తండా పేరున ఏ పద్దు కింద ఎంత వచ్చింది?" అని ఒక్కరు లేచి అడిగితే రెండోసారి ఆ కాగితం ముందే సిద్ధంగా ఉంటుంది.

మన తాతలకు పద్దు చదవడం రాక షావుకారు రాసిందే లెక్క అయింది. మీకు చదవడం వచ్చు. ఈ ఏడాది సంఘం యువకులు పదిమంది కూర్చొని ఒక్క 796 పద్దు చదివినా, వచ్చే సంచికకు మీరే వ్యాసం రాయవచ్చు.