చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం



పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఏమనేవారో గుర్తుందా? "నీళ్ళివ్వకే, ఇంకా ఎక్కువవుతాయి" అనేవారు. ప్రేమతోనే అనేవారు పాపం. కానీ ఆ మాట ఎందరు పసివాళ్ళను పొట్టనబెట్టుకుందో లెక్కలేదు. అది తప్పని రుజువైన కథ ఇవాళ చెప్పుకుందాం.

కలరా మనకు కొత్త కాదు. కోస్తాలో మరిడి అన్నారు, తెలంగాణాలో గత్తర అన్నారు. మరిడమ్మకు మొక్కులు మొక్కారు. ఈ జబ్బులో మనిషి ప్రాణం తీసేది ఒంట్లోని నీరూ, ఉప్పూ పోవడమే. పోయినదంతా వెంటనే తిరిగి అందిస్తే మనిషి బతుకుతాడు. అందుకే ఆస్పత్రుల్లో నరానికి సెలైను ఎక్కించేవారు. దానికి సీసాలు కావాలి, సూదులు కావాలి, చెయ్యి తిరిగిన మనుషులు కావాలి. అవి లేనిచోట ఎలా?

1961లో ఇండోనేషియాలో మొదలైన కలరా మహమ్మారి దేశాలు తిరుగుతున్న రోజులవి. 1971లో తూర్పు పాకిస్తాన్ యుద్ధంతో దాదాపు కోటిమంది కట్టుబట్టలతో మన దేశానికి వచ్చేశారు. పశ్చిమ బెంగాల్ సరిహద్దున బన్‌గావ్‌లో కలరా చెలరేగింది. అక్కడి ఆస్పత్రిలో కలరా వాళ్ళకున్నవి 2 గదులు, 16 మంచాలు. మిగతావాళ్ళంతా నేలమీదే. సెలైను సీసాలు నిండుకుంటున్నాయి. అప్పుడు అక్కడున్నది కలకత్తా నుంచి వచ్చిన పిల్లల వైద్యుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్.

గ్లూకోజు తోడుంటే పేగు ఉప్పును పీల్చుకుంటుంది, ఆ ఉప్పు వెంట నీరూ లోపలికి పోతుంది. ఈ సంగతి శాస్త్రజ్ఞులకు అప్పటికే తెలుసు. 1968లో ఢాకాలో రోగులకు తాగించి చూశారు కూడా. అయితే అది డాక్టర్లు కనిపెట్టుకుని ఉన్న వార్డుల్లో. ఇక్కడ డాక్టర్లేరీ?

మహలనబిస్ ఒక సాహసం చేశారు. లీటరు నీటికి గ్లూకోజు 22 గ్రాములు, ఉప్పు 3.5 గ్రాములు, వంటసోడా 2.5 గ్రాములు. కలకత్తాలో తన సంస్థ లైబ్రరీ గదిలో వీటిని తూచి, పాలిథిన్ సంచుల్లో పోసి, ఇస్త్రీపెట్టెతో అంటించారు. బన్‌గావ్‌లో డ్రమ్ముల నీళ్ళలో కలిపి, తల్లులకూ అక్కచెల్లెళ్ళకూ గ్లాసులిచ్చి తాగించమన్నారు. మరీ ప్రమాదంలో ఉన్నవాళ్ళకే ముందు సెలైను, తరవాత ఈ నీళ్ళు.

ఏమైందనుకున్నారు? శిబిరాల్లో అంతకుముందు నూటికి 30 మంది దాకా చనిపోయేవారు. ఇక్కడ 8 వారాల్లో చూసిన 3,700 మందికి పైగా రోగుల్లో చనిపోయింది నూటికి 4 కన్నా తక్కువే! అన్నం పెట్టే చెయ్యే మందూ పోసింది చూశారా?

అయినా పెద్ద డాక్టర్లు వెంటనే నమ్మలేదు. ఉప్పూ చక్కెరా మందేమిటన్నారు. 1978 నాటికిగాని ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఒక కార్యక్రమంగా చేపట్టలేదు. 1980 నుంచి బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ ఆడపడుచులు ఇల్లిల్లూ తిరిగారు. మూడువేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు నీళ్ళు కలపడం పదేళ్ళలో కోటీ 20 లక్షల ఇళ్ళలో నేర్పారు. తల్లులకు ఎంత గుర్తుందో తరవాత వెళ్ళి అడిగి, దాన్నిబట్టే వాళ్ళకు జీతం కట్టేవారు!

మహలనబిస్ 2022లో కన్నుమూశారు. పద్మవిభూషణ్ ఆ మరుసటి ఏడు ప్రకటించారు.

మరి మన వంతు? మందుల షాపులో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం అన్నిటికన్నా మంచిది. అది లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో టీ చెంచాతో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేయండి. చెంచాపైన గోపురం లేకుండా గీసి కొలవండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం సుమా! కొంచెం కొంచెంగా పట్టండి, చనుబాలు మానకండి. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం కనబడినా ఆస్పత్రికి పరుగెత్తండి.

ఇకమీదట ఎవరైనా నీళ్ళివ్వకే అంటే, బన్‌గావ్ తల్లులను తలుచుకుని గ్లాసు అందుకోండి.