నడిచి చూసే చరిత్ర ప్రదర్శనలు (కృష్ణా లోయ)

గాజు పెట్టె ముందు నిలబడి చూడటంతో సరిపెట్టక, సందర్శకుడు పాత కట్టడంలోకో, దాని నమూనాలోకో అడుగుపెట్టి చరిత్రను తెలుసుకునేలా తీర్చిన మ్యూజియం ప్రదర్శనలు. స్వీడన్‌లో 1891లో ఆర్థర్ హాజేలియస్ నెలకొల్పిన స్కాన్సెన్ ఈ తరహా మ్యూజియాలకు తొలి నమూనాల్లో ఒకటి. తెలుగునాట ఇవి కృష్ణా తీరపు బౌద్ధ క్షేత్రాల దగ్గర రూపుదిద్దుకున్నాయి. చేజారిన సంపద మీది బాధ, మునిగిపోబోయేదాన్ని దక్కించుకోవాలన్న పట్టుదల వీటికి మూలం.

నేపథ్యం

కొలకలూరు, తెనాలి, రేపల్లె ప్రాంతంలో పేరెన్నికగన్న బౌద్ధ క్షేత్రం భట్టిప్రోలు. అక్కడి మహాస్తూపపు రాళ్లు 19వ శతాబ్దంలో కాలువ పనులకు, వెల్లటూరు లాకు నిర్మాణానికి తరలిపోయాయి. మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండర్ రే తవ్వి, శాసనాలు చెక్కిన ధాతు కరండాలను వెలికితీశాడు. అదే కృష్ణా తీరంలోని అమరావతి మహాస్తూపపు శిల్పాల్లో ఎక్కువ భాగం మద్రాసు, లండన్ మ్యూజియాలకు చేరింది. అమరావతి పురావస్తు మ్యూజియం ఆవరణలో స్తూప ప్రాకారాన్ని కొంతమేర తిరిగి నిలబెట్టి, మహాస్తూపం నమూనాను కూడా ఉంచారు. విడి పలకలు ఏ కట్టడానికి చెందినవో, ఎక్కడ అమరేవో చూపరులకు అక్కడ తెలుస్తుంది.

నాగార్జునకొండ

నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలు 1926లో వెలుగుచూశాయి. ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్ 1927–31 మధ్య, తర్వాత టి.ఎన్. రామచంద్రన్ ఇక్కడ తవ్వకాలు జరిపారు. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ అంతా మునుగుతుందని తేలడంతో 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో విస్తృతంగా తవ్వకాలు సాగాయి. కట్టడాల కొలతలు తీసి, ప్లానులు గీసి, ముఖ్యమైన 9 కట్టడాలను కొండపైకి తరలించి మళ్లీ కట్టారు. మరికొన్నింటిని కుడిగట్టున అనుపు వద్ద పునర్నిర్మించారు. నదీ తీరాన ఉండిన స్నానఘట్టం ఇప్పుడు కొండ మీద ఉంది. అనుపులో రంగస్థలికి నాలుగు వైపులా ఉన్న మెట్ల మీద కూర్చుంటే, ఒకనాటి ప్రేక్షకుడి చూపు ఎలా సాగేదో అర్థమవుతుంది. బౌద్ధ విహారం ఆకృతిలో కట్టిన మ్యూజియం 1966లో ప్రారంభమైంది. మునిగిన లోయ నమూనా అందులో ఉంది. స్థలం మారిన కట్టడాలు మొదట ఎక్కడెక్కడ ఉండేవో ఆ నమూనా చెబుతుంది.

ఈజిప్టులో ఇలాగే ముంపు నుంచి కాపాడిన అబూ సింబెల్ ఆలయాల తరలింపు 1964–68 మధ్య జరిగింది. నాగార్జునకొండ తవ్వకాలు అంతకుముందే ముగిశాయి. తర్వాత శ్రీశైలం జలాశయం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఇదే పద్ధతిలో విప్పి అలంపురంలో తిరిగి కట్టారు.

ఇటీవలి ప్రదర్శనలు

విజయవాడలో 1887 నాటి విక్టోరియా జూబిలీ భవనంలోని బాపు మ్యూజియం 2020లో డిజిటల్ హంగులతో తిరిగి తెరుచుకుంది. నాగార్జునసాగర్ వద్ద తెలంగాణ ప్రభుత్వం 274 ఎకరాల్లో తీర్చిదిద్దిన బుద్ధవనం 2022లో ప్రారంభమైంది. అందులోని మహాస్తూపానికి అమరావతి స్తూపమే ఆదర్శం. అయితే బుద్ధవనం స్తూపం పూర్తిగా కొత్త కట్టడం.

విశిష్టత

తరలించిన కట్టడం, ప్రతిరూపం, డిజిటల్ దృశ్యం మూడూ చరిత్రను దగ్గర చేస్తాయి. కానీ సాక్ష్యంగా మూడింటి బరువు ఒకటి కాదు. ప్రాచీనమైనది ఏది, కొత్తగా చేర్చినది ఏది అన్నది సందర్శకుడికి అక్కడికక్కడే తెలిసేలా చేయడం ఇలాంటి ప్రదర్శన తీర్చేవారి మొదటి బాధ్యత. పాత స్థలం చూపే పటాన్ని, నమూనాను కట్టడంతో పాటే చూపడం రెండోది. ఈ రెండో బాధ్యతకు నాగార్జునకొండ లోయ నమూనా నేటికీ మంచి ఒరవడి.