డాడ్జ్ గారి పాఠం, మా ధవళేశ్వరం ఆనకట్ట

ధవళేశ్వరం ఆనకట్ట ఎవరు కట్టించారని అడిగితే మా గోదావరి జిల్లాల్లో బలపం పట్టిన పిల్లవాడు కూడా కాటన్ దొర అంటాడు. అందులో తప్పేమీ లేదు. చరిత్ర చెప్పే మాస్టారిగా నాకు ఆ జవాబుతోనే పేచీ. జవాబు అంత తొందరగా వచ్చేస్తే ఆపైన పాఠానికి ఏమీ మిగలదు. ఆ పేచీ తీర్చుకునే దారి 2007లో నాకు అంతర్జాలంలో దొరికింది. ముందు ఆ దారి వేసినవారి కథ చెప్పాలి.

1995లో అమెరికాలోని శాన్ డియేగో స్టేట్ విశ్వవిద్యాలయంలో బెర్నీ డాడ్జ్ అనే ఆచార్యులు కాబోయే ఉపాధ్యాయులకు పాఠాలు చెప్పేవారు. ఒకనాడు వాళ్ళకు ఆర్కియోటైప్ అనే కంప్యూటర్ పాఠాన్ని పరిచయం చేయవలసి వచ్చింది. పిల్లలు తెరమీద పురాతత్త్వ తవ్వకాలు జరిపే పాఠమది. చిక్కేమిటంటే, ఆయన దగ్గర దాని ప్రతి లేదు. అది న్యూయార్కులోని డాల్టన్ బడిలో, అక్కడి నెట్‌వర్కు మీద నడిచేది. లేని వస్తువును చూపించడం ఎలా? దాని గురించి వచ్చిన కొన్ని నివేదికలు, కొన్ని జాలపుటలు ఏరి పెట్టారు. ఒక గదిలో దాన్ని వాడిన న్యూయార్కు టీచరుతో వీడియోలో మాట్లాడే ఏర్పాటు, ఇంకో గదిలో తయారుచేసిన వారిలో ఒకరితో ఫోనులో మాట్లాడే ఏర్పాటు చేశారు. విద్యార్థులను జట్లు కట్టమని రెండు గంటలు గడువిచ్చారు. తాము త్వరలో పాఠాలు చెప్పబోయే బడికి ఇది పనికొస్తుందా, వస్తే ఎలా వాడాలి అన్నది వాళ్ళే తేల్చాలి.

ఆ రెండు గంటలూ ఆయన చేసిన పని ముఖ్యంగా అటూ ఇటూ తిరగడమే. కానీ అంతకుముందెన్నడూ ఆ విద్యార్థుల నోట వినని లోతైన మాటలు ఆనాడు విన్నారు. కొన్ని వారాల తరువాత ఆ పద్ధతికి ఒక చట్రం బిగించి వెబ్‌క్వెస్ట్ అని నామకరణం చేశారు. పేరు కోసం పర్యాయపద నిఘంటువు ముందు గంటసేపు కూర్చున్నారట. నేనూ దానికి తెలుగు చేద్దామని కూర్చున్నాను. "జాలాన్వేషణ" అంటే వల భుజాన వేసుకుని చేపలకు బయలుదేరినట్టుంది. అందుకని ఆయన పెట్టిన పేరే ఉంచేస్తున్నాను.

అదే ఏడు ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో సామాన్య ప్రజలకు అంతర్జాలాన్ని అందించింది. గూగుల్ పుట్టడానికి ఇంకా మూడేళ్ళుంది. అప్పట్లో వెతకడం కష్టం గనుక డాడ్జ్ గారు పుటలు ముందే ఏరిపెట్టారని కొందరంటారు. నాకు అలా తోచదు. పిల్లల పొద్దంతా వెతుకులాటకే సరిపోతే ఆలోచనకు వేళ ఉండదు. వెతికే బరువు మాస్టారు మోస్తే, తేల్చే బరువు పిల్లలు మోస్తారు. ఆయనతో కలిసి పనిచేసిన టామ్ మార్చ్ చైనా మీద తయారుచేసిన పాఠం చూడండి. జట్టులో ఒకరు వ్యాపారవేత్త, ఒకరు మ్యూజియం అధికారి, ఒకరు మానవ హక్కుల కార్యకర్త. ఎవరి పుటలు వారు చదివి, చివరకు అందరూ కలిసి ఒక్క మాట మీదికి రావాలి. గొడవ పడక తప్పదు. ఆ గొడవే పాఠం.

తరువాత పేరుకు ప్రచారం వచ్చింది గానీ ప్రాణం పలచబడింది. "ఈ లంకె నొక్కి కింది ఖాళీలు పూరించుము" అన్న ప్రతి కాగితమూ వెబ్‌క్వెస్ట్ అయిపోయింది. మంచి వెబ్‌క్వెస్ట్ రాయడానికి ఐదు సూత్రాలంటూ డాడ్జ్ గారు 2001లో వ్యాసం రాయవలసి వచ్చింది. దానికి తోడు లంకెలు చచ్చిపోవడం మొదలైంది. 2009లో జియోసిటీస్ మూతపడినప్పుడు ఉచితంగా కట్టుకున్న గూళ్ళన్నీ ఒక్కసారే పోయాయి.

ఇక నా సంగతి. మా బడిలో కంప్యూటరు లేదు. ఇంటర్నెట్ సెంటరులో గంట లెక్కన కూర్చుని పుటలు అచ్చు తీసుకున్నాను. అన్నీ ఇంగ్లీషువే. తెలుగు వికీపీడియాకు అప్పటికి నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆనకట్ట గురించి మా పిల్లల చేతికివ్వదగినంత తెలుగు నాకు ఎక్కడా కనబడలేదు. రాత్రిళ్ళు కూర్చుని నేనే తెలుగు చేశాను: 1832-33 నాటి నందన కరువు, 1844లో రాజమండ్రి జిల్లా దుస్థితి మీద మాంట్‌గొమరీ ఇచ్చిన నివేదిక, కాటన్ ప్రతిపాదనలు.

మొదటిసారి బోల్తాపడ్డాను. "ఆనకట్ట ప్రయోజనాలు వివరించండి" అన్నాను. నాలుగు జట్లూ నేనిచ్చిన కాగితంలోని ఒకే పేరాను అక్షరం పొల్లుపోకుండా దించి ఇచ్చాయి. తప్పు పిల్లలది కాదు, నా ప్రశ్నది. అలాంటి ప్రశ్నకు ఈనాడైతే యంత్రం అర నిమిషంలో జవాబు రాసిపెడుతుంది.

మర్నాడు ప్రశ్న మార్చాను. ఇది 1846. పని ఇంకా మొదలవలేదు. కట్టాలా వద్దా, కడితే ఖర్చు ఎవరిది, లాభం ఎవరికి? ఒక జట్టు కంపెనీ రెవెన్యూ అధికారులు, ఒకటి ఇంజనీర్లు, ఒకటి డెల్టా రైతులు, ఒకటి రాళ్ళు మోయబోయే కూలీలు. జట్టుకొక సిఫార్సు రాయాలి.

గది హోరెత్తింది. పక్క తరగతి మాస్టారు రెండుసార్లు తొంగిచూసి వెళ్ళారు. కూలీల జట్టు మాత్రం కిక్కురుమనలేదు. దగ్గరికి వెళితే ఒక అమ్మాయి లేచి, "మేం చెప్పిన మాట ఏ కాగితంలోనూ లేదండీ మాస్టారూ. ఖర్చు లెక్కల్లో మాత్రం ఉన్నామండీ" అంది. నాకు జవాబు తోచలేదు. అన్ని రాత్రులు తెలుగు చేసిన నాకు ఆ సంగతి తట్టనేలేదు.

ఆ జట్టు సిఫార్సు రాయలేదు. మూడు ప్రశ్నలు రాసి ఇంజనీర్లకు ఇచ్చింది. రోజుకు కూలి ఎంత? పని నడుస్తుండగా వరదొస్తే మేమెక్కడ ఉండాలి? కాలువ నీళ్ళు పారే చేలల్లో మాకు సెంటు భూమైనా ఉంటుందా?

ఇంజనీర్లు రెండు రోజులు గడువడిగారు.