చేవ్రాలుకై వసంతయాత్ర

ఫిబ్రవరి నెల నడుమ అమెరికా ఉత్తర రాష్ట్రములలో మంచు ఇంకా కరగదు. ముంగిట పేరుకొన్న మంచును పారతో తొలగించినగాని కారు బయటికి తీయుటకు వీలుండదు. సరిగా ఆ రోజులలోనే కొన్ని కుటుంబములు సామాను సర్దుకొని దక్షిణదిశగా బయలుదేరుతవి. కారు వెనుక భాగమున బట్టల పెట్టెలతోపాటు అరడజను కొత్త తెల్లని బంతులు, రెండు మూడు బాల్‌పాయింటు కలములు ఉంటవి. కాశీకి పోవువాడు గంగాజలమునకై చెంబు వెంట ఉంచుకొన్నట్లు, వీరు ఆ బంతులను వెంట ఉంచుకొంటారు. తిరిగి వచ్చునప్పటికి వాటిపై తమ అభిమాన క్రీడాకారుల చేవ్రాలు ఉండవలెననునదే వారి కోరిక.

ఇది బేస్‌బాల్ అభిమానుల వార్షికయాత్ర. మన క్రికెట్టుకు దూరపు చుట్టమనదగిన ఈ ఆట వసంతమున మొదలై శరత్కాలము వరకు సాగుతుంది. పోటీలకు ముందు ఇంచుమించు ఆరు వారములపాటు జట్లన్నియు వెచ్చని ప్రదేశములకు పోయి సాధన చేస్తవి. దీనికే వసంతశిక్షణ అని పేరు. నేడు అగ్రశ్రేణిలోని 30 జట్లలో 15 ఫ్లారిడాలోను, 15 ఆరిజోనాలోను శిక్షణ పొందుతున్నవి. ఫ్లారిడాలో పండు పేరు మీద గ్రేప్‌ఫ్రూట్ లీగ్ అనియు, ఆరిజోనాలో ఎడారి జెముడు పేరు మీద కాక్టస్ లీగ్ అనియు ఈ సన్నాహపు ఆటలను పిలుస్తారు.

ఈ ఆచారపు చరిత్రను సామాన్యముగా 1886 నుండి చెప్పుకొంటారు. చికాగో వైట్ స్టాకింగ్స్ జట్టు అధ్యక్షుడు ఆల్బర్ట్ స్పాల్డింగ్, నాయకుడు కాప్ ఆన్సన్. చలికాలమంతయు తిని త్రాగి బరువెక్కిన తమ ఆటగాండ్రను వారు ఆర్కాన్సా రాష్ట్రమందలి హాట్ స్ప్రింగ్స్‌కు తీసికొనిపోయినారు. అచటి వేడినీటి బుగ్గలలో స్నానములు, కొండదారులలో నడకలు, ఆపైన ఆట. ఆ ఏడు ఆ జట్టే తన లీగులో విజేత అయినది. ఫలము కనబడిన తరువాత అనుసరించువారికి కొదువ ఉండునా?

ఫ్లారిడా పట్టణములు దీనిలో మరియొక లాభమును గుర్తించినవి. సెయింట్ పీటర్స్‌బర్గ్ నివాసి ఆల్ లాంగ్ పిట్స్‌బర్గ్‌లో చాకలి వ్యాపారము చేసి వచ్చినవాడు. 1914లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ జట్టును ఆయన తన ఊరికి రప్పించినాడు. జట్టు వెంట పత్రికా విలేఖరులు వస్తారు. వారు పంపు ప్రతి వార్తకు మొదట ఊరి పేరుంటుంది. చలికి వణకుచున్న ఉత్తరాది పాఠకుడు ఆ పేరును ప్రతి ఉదయము చదువుతాడు. ఇంతకు మించిన ప్రకటన ఏమున్నది? 1915లో ఉత్తర దక్షిణములను కలుపు డిక్సీ హైవే పని ఆరంభమైనది. గుడారము, డబ్బాలలోని ఆహారము కారులో వేసికొని వచ్చు యాత్రికులు 1919లో టాంపా నగరమున ఒక సంఘముగా ఏర్పడి, తమకు టిన్ కాన్ టూరిస్టులని పేరు పెట్టుకొన్నారు. జట్టుకు రైలు దారి చూపినది. అభిమానికి కారు దారి చూపినది.

రేడియో శ్రోతలకు ఆసక్తి కలిగించు ముచ్చట ఒకటి ఇందులో ఉన్నది. అయోవా రాష్ట్రపు ఒక రేడియో కేంద్రములో రొనాల్డ్ రీగన్ అను యువ వ్యాఖ్యాత ఉండేవాడు. మైదానమునకు పోకయే, తంతిద్వారా వచ్చు ముక్తసరి మాటలను పట్టుకొని చికాగో కబ్స్ ఆటను కన్నులకు కట్టినట్లు వర్ణించుట అతని ఉద్యోగము. కబ్స్ జట్టు ఆ కాలమున కాలిఫోర్నియా తీరములోని కాటలీనా ద్వీపమున సాధన చేసేది. 1937లో ఆ శిక్షణను వర్ణించుటకు వెళ్లిన రీగన్, పనిలో పనిగా లాస్ ఏంజిలిస్‌లో చలనచిత్ర సంస్థవారి పరీక్షకు నిలిచినాడు. నటుడైనాడు. 1981లో అమెరికా అధ్యక్షుడైనాడు. వసంతయాత్ర మనుష్యుని ఎంత దూరము తీసికొనిపోగలదో చెప్పుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

అయితే ఈ దారి అందరికి ఒకే విధముగా తెరచి ఉండలేదు. 1946లో జాకీ రాబిన్సన్ అను నల్లజాతి క్రీడాకారుడు కొత్తగా పెండ్లాడిన భార్యతో కాలిఫోర్నియా నుండి ఫ్లారిడాకు బయలుదేరినాడు. బ్రూక్లిన్ డాడ్జర్స్‌వారి అనుబంధ జట్టయిన మాంట్రియల్‌లో అతడు చేరవలెను. న్యూ ఆర్లియన్స్‌లో వారికి విమానమున స్థానము దక్కలేదు. పెన్సకోలాలో ఎక్కిన విమానము నుండి దింపివేసినారు. మిగిలిన దూరము బస్సులో, వెనుక వరుసలలో కూర్చుండి పోవలసి వచ్చినది. శాన్‌ఫర్డ్ అను ఊరిలో బెదిరింపులు ఎదురు కాగా అక్కడ నుండియు తరలిపోయినారు. చివరకు మార్చి 17న డేటోనా బీచ్ పట్టణమున అతడు ఆడినాడు. ఆనాడును నల్లజాతి ప్రేక్షకులకు వేరు చోటే. మరుసటి సంవత్సరము ఏప్రిల్ 15న అతడు అగ్రశ్రేణి ఆటలో అడుగుపెట్టినాడు. డేటోనా బీచ్‌లోని ఆ మైదానమునకు నేడు రాబిన్సన్ పేరే ఉన్నది.

అంతటితో వివక్ష అంతరింపలేదు. జట్టు ఒకటే అయినను బస వేరుగా ఉండేది. తెల్లవారికి హోటళ్లు, నల్లవారికి తమ జాతివారి ఇండ్లు. 1961లో సెయింట్ పీటర్స్‌బర్గ్ వర్తక సంఘమువారి ఉపాహార విందుకు తమకు పిలుపు రాలేదని బిల్ వైట్ అను ఆటగాడు బహిరంగముగా నిరసించినాడు. నల్లజాతి ఆటగాండ్రకు బస చూపుచు వచ్చిన డాక్టర్ రాల్ఫ్ వింబిష్, ఇక ఆ పని చేయనని, హోటళ్లే వారిని చేర్చుకొనవలెనని ప్రకటించినాడు. విలేఖరి వెండెల్ స్మిత్ ఈ విషయమును పదే పదే వ్రాసినాడు. తరువాతి సంవత్సరములలో జట్లు ఒక్కొక్కటిగా ఒకే కప్పు క్రిందికి వచ్చినవి.

ఇక చేవ్రాలు సంగతి. పెద్ద నగరపు క్రీడాప్రాంగణములో ఆటగాడు దూరపు చుక్క. వసంతశిక్షణలో మైదానములు చిన్నవి, కంచెలు పొట్టివి. గెలుపోటములు లెక్కకు రావు గనుక ఆటగాండ్రకు తొందర తక్కువ. ఉదయపు సాధన ముగించుకొని పోవు దారిలో వారు నిలిచి సంతకములు చేస్తారు. బంతి తోలు మీద 108 జంటకుట్లు ఉంటవి. ఆ కుట్ల వరుసలు దగ్గరపడు చోట గల సన్నని తెల్లని జాగా సంతకమునకు శ్రేష్ఠమని అభిమానుల మతము.

ఆ జాగాకు క్రమముగా వెల కట్టినారు. మహాత్మాగాంధి చేవ్రాలుకు అయిదు రూపాయలు పుచ్చుకొని హరిజన నిధికి జమకట్టిన సంగతి మనవారు ఎరుగుదురు. అమెరికాలో ఆ సొమ్ము పోయిన త్రోవ వేరు. వర్తకము పెరిగినది, దాని వెంట కూటసంతకములును పెరిగినవి. 1990 దశకమున కేంద్ర నేరపరిశోధక సంస్థ సాగించిన దర్యాప్తులో కూటసంతకముల రాశులు బయటపడినవి. మదర్ థెరిసా సంతకము చేసినట్లు చూపిన బేస్‌బాల్ కూడ వాటిలో ఉన్నది! ఆ మహనీయురాలు బంతి మీద సంతకము చేసినదని నమ్మువారు ఉందురని మోసగాండ్రు తలచినారన్న మాట. 2001 నుండి లీగువారు తమ సమక్షమున చేసిన సంతకములకు ప్రత్యేక ముద్ర అంటించు పద్ధతి పెట్టినారు.

కొందరు ఆటగాండ్రు సంతకమునకు ముందు పిల్లవాని పేరు అడిగి, దానిని కూడ బంతి మీద వ్రాస్తారు. అంగడిలో అట్టి బంతికి ధర తగ్గుతుంది, ఎవరి పేరో ఉన్న వస్తువును మరియొకరు ఏల కొందురు? కాని ఆ పిల్లవానికి అది అమ్మదగిన వస్తువు కాదు. ఆ మనుష్యుడు తన ఎదుట నిలిచి, తన పేరు అడిగినాడనుటకు అది సాక్ష్యము.

2020 మార్చి 12న మహమ్మారి కారణముగా వసంతశిక్షణ ఆగిపోయినది. మరుసటి ఏడు ఆటలు జరిగినవి గాని, అభిమానులను ఆటగాండ్ర దరికి రానీయలేదు. ఆట చూడవచ్చును, చేయి చాచి బంతి అందించుటకు మాత్రము వీలులేదు. అంతదూరము ప్రయాణించి వచ్చినవారికి, తాము వచ్చినది కేవలము ఆటకే కాదని అప్పుడు తెలిసి ఉండవలెను. కంచెకు ఇటు ఒక చేయి, అటు ఒక చేయి. ఒకనాడు జాతి పేర, మరియొకనాడు రోగము పేర వాటి నడుమ దూరము ఏర్పడినది. ఆ దూరము తొలగిన ప్రతి వసంతమున కార్లు మరల దక్షిణమునకు బయలుదేరుతున్నవి.