నార్విచ్ సన్యాసి తేల్చిన హత్య

మఠములో హత్య జరుగుట, తెలివిగల సన్యాసి ఒకడు దాని గుట్టు విప్పుట – ఇట్టి కథలు మనలో కొందరు చదివియుందురు. సంఘచరిత్రలో ఆ పని నిజముగా తలపెట్టిన సన్యాసి ఒకడున్నాడు. సంఘము చేసిన మేళ్లను వ్రాయువారు ఈ సంచికలో అనేకులున్నారు గనుక మేము ఈ చేదు సంగతిని ఎత్తుకొనుచున్నాము.

1144 మార్చిలో, ఈస్టరు సమీపించిన దినములలో, ఇంగ్లండులోని నార్విచ్ పట్టణము వెలుపల థోర్ప్ అడవిలో విలియం అను బాలుని శవము దొరికెను. వానికి 12 ఏండ్లు. తోళ్ల పని నేర్చుకొనుచుండెను. వాని తల్లి సోదరి భర్తయైన గాడ్విన్ పాదిరి, ఈ హత్య యూదులు చేసినదేయని గురువుల సభలో ఫిర్యాదు చేసెను. రాజప్రతినిధియైన షెరీఫ్, యూదులపై బిషప్పుకు అధికారము లేదని చెప్పి, వారిని కోటలో దాచి కాపాడెను. నేరము రుజువు కాలేదు.

కొన్నేండ్ల తరువాత సైమన్ అను యోధునికి అప్పిచ్చిన యూదుడొకడు ఆ యోధుని మనుష్యుల చేతిలో హతుడయ్యెను. విచారణలో బిషప్పు యోధుని పక్షము వహించి, చనిపోయిన యూదుడే ఆ బాలుని చంపెనని ఎదురు నేరము మోపెను. పాత మాట మరల లేచినది. అప్పు సంగతి మరుగున పడినది!

అప్పుడు నార్విచ్ కెథెడ్రల్ మఠమునకు వచ్చిన మన్మత్ థామస్ అను సన్యాసి ఈ హత్యను తేల్చుటకు పూనుకొనెను. బాలుని అతడెన్నడును చూడలేదు. లాటిను భాషలో ఏడు భాగముల గ్రంథము వ్రాసి, యూదులే బాలుని హింసించి చంపిరని తీర్పు చెప్పెను. అతని సాక్షులెవరు? తలుపు సందులోనుండి చూచితినని ఏండ్లు గడచిన తరువాత చెప్పిన పనికత్తె ఒకతె. యూదులు శవమును మోసికొనిపోవుట చూచితినని మరణశయ్యపై చెప్పిన పౌరుడొకడు. ఈ మాట బయట పెట్టవద్దని షెరీఫే ఒట్టు వేయించుకొనెనట. అడుగుదమన్న షెరీఫ్ అప్పటికే చనిపోయెను. యూదమతము విడిచి సన్యాసియైన థియోబాల్డ్ మరియొకడు. యూదుల పెద్దలు ఏటేట ఫ్రాన్సు దేశపు నార్బోన్‌లో చీట్లు వేసి, ఏ దేశములో క్రైస్తవుని బలి ఇవ్వవలెనో నిర్ణయింతురని వాని మాట. అట్టి సభయే లేదు. వీటికి తోడు స్వప్నములు. 1119లో మరణించిన బిషప్ హెర్బర్ట్ 1150 లెంటు దినములలో కనబడి, బాలుని శరీరమును మఠము లోపలికి మార్చుమనెనని థామస్ వ్రాసెను.

మన పాస్టరేట్ కమిటీలో పండుగ చందాల లెక్క తేడా వచ్చినను ఇంతకంటె గట్టి సాక్ష్యము అడుగుదుము.

థామస్ బుద్ధిపూర్వకముగా అబద్ధమాడెనని మేము అనజాలము; నమ్మియే వ్రాసియుండవచ్చును. అయితే బాలుని సమాధికి సంరక్షకుడు అతడే. హతసాక్షి సమాధి యనిన యాత్రికులు వత్తురు, కానుకలు వచ్చును. 1154 నాటికి ఆ శరీరమును నాలుగు చోట్లకు మార్చిరి.

ఆ నింద నార్విచ్‌లో ఆగలేదు. 1168లో గ్లాస్టర్‌లో వినబడినది. 1171లో ఫ్రాన్సులోని బ్లువాలో, శవమైనను దొరకకుండగనే, 30 మందికి పైగా యూదులను సజీవదహనము చేసిరి. యూదులు క్రైస్తవ బాలుర రక్తమును వాడుదురను మాట తరువాత జతపడెను. ధర్మశాస్త్రము రక్తమును ముట్టనియ్యని ప్రజలపై ఈ నింద! 1247లో పోపు నాలుగవ ఇన్నోసెంట్ దీనిని ఖండించుచు లేఖలు వ్రాసినను, 1255లో లింకన్‌లో మరియొక బాలుని మరణము నిమిత్తము 19 మంది యూదులను ఉరితీసిరి. 1290లో ఇంగ్లండు యూదులనందరిని వెళ్లగొట్టెను.

నార్విచ్‌లో 1190 ఫిబ్రవరిలోనే యూదులను ఇండ్లలో పట్టి చంపిరి. 2004లో ఆ పట్టణమున అంగడుల సముదాయమునకు పునాదులు త్రవ్వుచుండగా పాత బావిలో 17 మంది ఎముకలు బయటపడినవి. వారిలో 11 మంది పిల్లలు. వారు యూదులనియు, 1190లో చంపబడినవారు కావచ్చుననియు 2022లో వెలువడిన డి.ఎన్.ఎ. పరిశోధన తెలిపినది, ముగ్గురు ఒక తల్లి బిడ్డలైన అక్కచెల్లెండ్రు. అంతకు ముందే, 2013లో, ఆ ఎముకలను నార్విచ్‌లోని యూదుల శ్మశానములో పాతిపెట్టిరి.